ఉస్తాద్ గంగారాం మీద నేను మోపిన నింద

గంగారాం పోయాడన్న వార్త నాకు మూడు చోట్ల నుంచి వచ్చింది. మొదటి రెండింటినీ నేను నమ్మలేదు. జగిత్యాల నుంచి మా పాత టవర్ పనుల గ్యాంగు మనిషి ఒకడు ఫోన్ చేసి, "టవర్ గంగారాం పోయిండంట" అన్నాడు. ఆ "అంట" నాకు నచ్చలేదు. "ఏ టవర్ మీదికెల్లి?" అని అడిగితే అతనికి తెలియదు. తర్వాత సిరిసిల్లలో మా వాడకట్టు కిరాణా దుకాణం దగ్గర ఇద్దరు అదే మాట అనుకుంటున్నారు. వాళ్లూ పడిపోయాడనే అనుకున్నారు. చివరికి మేడిపల్లికి, ఆయన ఇంటికే ఫోన్ చేశాను. ఆయన భార్య లచ్చవ్వ ఎత్తింది. నా గొంతు గుర్తుపట్టింది. "ఏ టవరు గాదు తమ్మీ. కోరుట్ల బస్టాండ్ల బస్సు కోసం కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు" అంది.

ముప్పై అయిదేళ్లు ఆకాశంలో ఇనుము మీద నడిచిన మనిషి సిమెంటు బెంచీ మీద కూర్చుని చనిపోయాడు. దిగ్భ్రాంతి అన్న మాటను పత్రికల్లో చాలాసార్లు చదివాను. దాని అర్థం ఆ రోజే తెలిసింది. అంత దుఃఖంలోనూ, ఎవరైనా కొట్టారేమో, ఇంట్లోవాళ్లు ఏదైనా దాస్తున్నారేమో అన్న అనుమానం నన్ను వదల్లేదు. మేడిపల్లి పోయి, శవాన్ని చూసి, తల వెనక భాగం కూడా తడిమి చూశాకే గుండె ఆగి పోయాడని ఒప్పుకున్నాను. నేను ఆయన శిష్యుణ్ణి. కళ్లతో చూసి చేత్తో తడమనిది ఏదీ బిగిసినట్టు కాదని నాకు నేర్పింది ఆయనే.

ఇలాంటి వ్యాసాల్లో "గంగారాం గారు" అని రాయడం మర్యాద. రాయబోయి ఆగాను. ఎవరైనా ఆయన్ని "గారు" అంటే కళ్లు చిన్నవి చేసుకుని, "ఏం పని వడ్డది?" అని అడిగేవాడు. అందుకే బతికుండగా పిలిచినట్టే ఉస్తాద్ అంటాను. దాన్ని అగౌరవంగా తీసుకోవద్దని మనవి.

ఇంకొక సంగతి మొదటనే చెప్పకపోతే ఈ వ్యాసాన్ని ఎవరూ నమ్మనక్కర్లేదు. రెండున్నరేళ్లుగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఉస్తాద్ పేరు వినగానే "పోలీసోల్ల మనిషి" అనేవాళ్లు ఉన్నారు. తెలంగాణ ఉద్యమంలో ఉన్న ఇళ్లలో ఆయనకు మంచినీళ్లు పోయని రోజులు కూడా వచ్చాయి. ఆ మాట గాలికి పుట్టలేదు. జగిత్యాలలో ఒక చాయ్ హోటల్లో, పదిమంది ముందు, దాన్ని మొట్టమొదట అన్నవాణ్ణి నేనే. ఆ మచ్చ తుడవకుండా ఆయన గుణగణాలు వర్ణించే అర్హత నాకు లేదు. తుడవడం అంత సులభం కాదని కూడా ఈ కొద్ది రోజుల్లో తెలిసింది. అది చివర చెబుతాను.

ఉస్తాద్ మేడిపల్లిలో భూమి లేని ఇంట పుట్టాడు. తండ్రి ఒక ఆసామి దగ్గర బతుకంతా పాలేరుగా జీతం ఉన్నాడు. చేన్ల మీదుగా హైటెన్షన్ లైను వేయడానికి బయటి నుంచి గ్యాంగు వచ్చినప్పుడు ఉస్తాద్ గుంతలు తవ్వే కూలీగా చేరాడు. మూడో రోజున, పైన ఎవరో మరిచిపోయిన పానా తెస్తానని, అడగకముందే టవరెక్కాడట. దిగాక మేస్త్రి చెంప మీద ఒకటి వేసి, మరునాటి నుంచి పైపనికి పెట్టుకున్నాడు. "భూమి లేనోనికి ఆకాశమన్న ఉండాలె గద తమ్మీ" అనేవాడు ఉస్తాద్. పైనుంచి చూస్తే ఆసామి బంగళా, జీతగాని గుడిసె ఒక్క తీరే కనిపిస్తాయని చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కనిపించిన తృప్తి మరెప్పుడూ నేను చూడలేదు. ఆ తర్వాత ఇబ్రహీంపట్నం మనుషులతో కలిసి మస్కట్ పోయి ఆరేళ్లు పెద్ద పెద్ద షెడ్ల ఇనుప పని చేశాడు. వచ్చేటప్పుడు అందరూ కంబళ్లు, టేప్‌రికార్డర్లు తెచ్చుకున్నారు. ఈయన తెచ్చింది ఒక సేఫ్టీ బెల్టు. దాన్ని కూడా నమ్మేవాడు కాదు. పనికి దిగేముందు దానికి రెండు ఇసుక బస్తాలు వేలాడదీసి చూసేవాడు.

గర్వం లేదని ఎవరైనా రాస్తే అది అబద్ధం. ఆయనకు బోలెడు గర్వం. కోరుట్ల నుంచి జగిత్యాల పోయే బస్సులో కిటికీ పక్క సీటు కోసం పడుచువాళ్లతో కొట్లాడేవాడు. "గీ లైను మాది" అని పక్కనున్న ముక్కూ మొహం తెలియని వాళ్లకు చూపేవాడు. ఒకసారి ఒక ముసలామె, "గంత పెద్ద లైను నీది గావట్టె, మరి బస్సుల ఎందుకు తిరుగుతున్నవ్ కొడుకా?" అంది. బస్సంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "నాది అంటె, అది వడిపోతె తప్పు నాది అన్నట్టు" అని నిదానంగా చెప్పి మళ్లీ కిటికీలోంచి చూశాడు. టవర్లు నిటారుగా ఉన్నాయా లేదా అని లెక్క తప్పకుండా చూసుకునేవాడు.

పని దగ్గర ఆయనకు ఒక పద్ధతి ఉండేది. మంచినూనెలో పసుపు కలిపి చిన్న డబ్బాలో పెట్టుకునేవాడు. సాయంత్రం పని అయిపోయాక పైకెక్కి, ఆ రోజు బిగించిన ప్రతి నట్టు మీద నుంచి ఇనుప పట్టీ మీదికి వేలితో ఒక గీత గీసేవాడు. తెల్లారి అందరికంటే ముందు తనొక్కడే ఎక్కి గీతలు చూసుకునేవాడు. నట్టు కదిలితే గీత విరుగుతుంది. ఒక ఇంజినీరు అది చూసి, "ఏం గంగారాం, రోజూ పూజనా?" అని నవ్వాడు. "పూజ గాదు సార్. రాత్రి ఎవలన్న అచ్చి పోయిండ్రా అని" అన్నాడు. రాత్రి ఎవరొస్తారని అడిగితే, "గాలి అస్తది" అన్నాడు. ఒక ఉదయం నిజంగానే ఒక గీత విరిగి ఉంది. ఒక్క నట్టు కోసం గ్యాంగు మొత్తాన్ని కింద కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, ఆ బోల్టు బిగించినప్పుడు ఏం చేశావని అడిగాడు. కాంట్రాక్టరు అరుస్తూనే ఉన్నాడు. పొద్దుగూకే సరికి, వాషర్ పెట్టడం మరిచిపోయానని ఒకడు తనంతట తానే ఒప్పుకున్నాడు. ఉస్తాద్ వాణ్ణి తిట్టలేదు. "బోల్టును అనుమానించాలె, మనిషిని అడగాలె" అన్నాడు. ఈ మాటలో సగమే నాకు వంటబట్టింది.

నేను సాంచెల మీద పెరిగినవాణ్ణి. సిరిసిల్లలో మా నాయన నడిపిన రెండు మరమగ్గాలు మూలపడ్డాక పని వెతుక్కుంటూ జగిత్యాల చేరాను. ఉస్తాద్ నన్ను ఎగాదిగా చూసి, "సాలోల్ల పిలగాడివి, నీకు ఇనుము ఎందుకు?" అన్నాడు. తర్వాత ఒక తాడు ముక్క ఇచ్చి ముడి వేయమన్నాడు. మగ్గం మీద తెగిన పోగు కలిపినట్టు వేశాను. లాగాడు, వేలాడాడు, కాలితో తన్నాడు. ముడి వదల్లేదు. ఆ రోజు నుంచి నేను ఆయన తాడు మనిషిని. అంటే, పైన ఆయన పని చేస్తుంటే కింద నిలబడి తాడు పట్టుకుని, ఇనుము పైకి పంపేవాణ్ణి, కిందికి దించేవాణ్ణి. పైవాడికి, కిందివాడికి మధ్య మాటలుండవు, గాలికి వినిపించవు. తాడే మాట. ఒక గుంజు గుంజితే ఆగు. రెండు గుంజితే విడువు. మూడు గుంజితే లాగు. పక్కన ఇంజినీరు చెప్పినా, కాంట్రాక్టరు చెప్పినా, దేవుడే దిగివచ్చి చెప్పినా తాడు మనిషి వినకూడదు. "ఎందుకంటె, నాకు అవుపడేది నీకు అవుపడదు" అనేవాడు. తొమ్మిదేళ్లు ఆ కట్టుబాటు నేను తప్పలేదు.

ప్రమాదం గురించి కూడా చెప్పాలి. బీర్పూర్ దగ్గర ఒక వానపొద్దు, తడిసిన ఇనుము మీద ఆయన కాలు జారింది. బెల్టుకు కట్టిన తాడు నా చేతిలో ఉంది. సర్రున జారిపోతున్న తాడును అరచేతులతో ఆపాను. తోలు లేచిపోయింది. ఆయన గాలిలో రెండు చుట్లు తిరిగి, ఒక పట్టీ దొరకబుచ్చుకుని, నింపాదిగా దిగి వచ్చాడు. తను బతికాడన్న ఊసు లేదు. నా చేతులు తిప్పి చూసి, తన డబ్బాలోని పసుపే రాశాడు. "నొస్తున్నదా?" అన్నాడు. లేదన్నాను. "అబద్ధం" అన్నాడు. ఆ రోజు ఆయన్ని నేను మా నాయన కంటే ఎక్కువ ప్రేమించాను. ఇది ఎప్పుడూ ఆయనతో అనలేదు.

ఇక ఉద్యమం. సకల జనుల సమ్మెతో పనులన్నీ ఆగిపోయాయి. మేమూ పానాలు మూలకు పెట్టి ర్యాలీల్లో నడిచాం. అప్పుడే మనుషులు సెల్ టవర్లు ఎక్కడం మొదలైంది. జెండా పట్టుకుని, కొందరు పెట్రోలు సీసా పట్టుకుని ఎక్కేవారు. రాష్ట్రం ఇస్తారా, దూకమంటారా అని అరిచేవారు. వాళ్లను దించడానికి పోలీసులకు ఎక్కడం రాదు. అందుకని కోరుట్లలో ఉస్తాద్ ఇల్లు ఎక్కడని అడుగుతూ వచ్చేవారు. ఆయన మేడిపల్లి వదిలి అప్పటికి కోరుట్లలో కిరాయికి ఉంటున్నాడు. ఆయన పోయేవాడు. ఎక్కేవాడు. పైన ఏం మాట్లాడేవాడో ఎవరికీ వినిపించదు. గంటకో రెండు గంటలకో మనిషిని దించుకొచ్చేవాడు. "తెలంగాణ అస్తది. అచ్చినంక సూసెటందుకు మనిషి ఉండాలె గద" అన్నది మాత్రం ఒకసారి నాతో చెప్పాడు.

ఇందుకు మెచ్చుకున్నవాళ్లు తక్కువ. ఉద్యమం వేడి తగ్గించడానికి పోలీసులు పెట్టుకున్న మనిషని ఇటు ఉద్యమంవాళ్లు అనుకున్నారు. ఎక్కడం ఈయనే నేర్పి పంపుతున్నాడేమోనని అటు పోలీసులు రెండుసార్లు పిలిచి అడిగారు. ఇద్దరి మధ్యా ఆయన తన బెల్టు తను భుజానేసుకుని తిరిగాడు. నేనూ వెంట ఉండేవాణ్ణి, తాడు పట్టుకుని.

ఆ రోజు గురించి చెబుతాను. ఊరి పేరు, ఠాణా పేరు రాయను. అక్కడ ఇంకా అదే మనుషులుండవచ్చు. కబురందితే ఉస్తాద్, నేను పోయాం. టవర్ కిందికి పోయాక తలెత్తి చూస్తే, పైనున్నవాడు మా బావ రాజేశం. మా చెల్లె పద్మ మొగుడు. సిరిసిల్లలో సాంచెల మీద పని. చేతిలో సీసా ఉంది. పద్మ కింద మట్టిలో కూర్చుని ఉంది. చుట్టూ మూడు వందల మంది జనం. ఎస్సై ఒకడు, ఇద్దరు కానిస్టేబుళ్లు. "కేసు గీసు ఏం లేదు, దింపుండి" అని ఎస్సై అందరికీ వినబడేట్టు చెప్పాడు. ఉస్తాద్ నా వైపు చూసి, "నీ చేత అయితదా?" అన్నాడు. అయితదన్నాను. ఆయన ఎక్కాడు.

గంటన్నర గడిచింది. రాజేశం సీసా ఉస్తాద్ చేతికివ్వడం, ఉస్తాద్ మూత బిగించి జేబులో పెట్టుకోవడం కింది నుంచి కనిపించింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. ఉస్తాద్ తన బెల్టే తీసి మా బావకు కట్టి, గిరక మీదుగా తాడు వేసి, రెండు గుంజులు గుంజాడు. విడువు. నేను మెల్లమెల్లగా విడిచాను. సగం దూరం వచ్చాక ఒక గుంజు. ఆగు. ఆపాను. బావ గాలిలో వేలాడుతున్నాడు. నిమిషాలు గడుస్తున్నాయి. విడువమనే రెండు గుంజులు రావు. "అన్నా, ఎందుకు ఆపినవే, దింపరాదే" అని పద్మ నా కాళ్లు పట్టుకుంది. "ఏమైంది, దింపవేంది?" అని ఎస్సై. పైకి చూస్తే ఉస్తాద్ అరచెయ్యి చాపి ఆగమంటున్నాడు. ఎందుకో తెలియదు. పద్మ ఏడుపు భరించలేక తాడు విడిచాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన మాట కాకుండా పక్కవాళ్ల మాట విన్నాను.

బావ కాళ్లు నేలకు తాకాయి. తాకగానే రైస్‌మిల్లు వెనక నుంచి రెండు పోలీసు వ్యాన్లు వచ్చి, దిగినవాళ్లు దిగినట్టే ఆయన్ని ఎత్తుకుని పోయారు. జనం రాళ్లందుకునే లోపే అంతా అయిపోయింది. అప్పుడు నా తలలో ఒక్క ఆలోచన మెరిసింది. ఉస్తాద్ ఆపింది ఈ వ్యాన్ల కోసమే. ఇవి అందుకునేదాకా మా బావను గాలిలో నిలబెట్టాడు.

అనుమానం ఒకసారి పుడితే దానికి మేత వెతకనక్కర్లేదు, అదే వచ్చి పడుతుంది. ఆ సాయంత్రం ఉస్తాద్ ఠాణాలో కూర్చుని చాయ్ తాగుతుంటే చూశామని ఇద్దరు చెప్పారు. మూడో రోజు టవర్ కార్యక్రమం అనుకున్న అయిదుగురు సాలెవాళ్లను, వాళ్లతో పాటు ఆ సంగతే ముందు తెలియని నన్ను, ఇళ్ల నుంచి పట్టుకుపోయారు. రెండు రోజులు ఉంచారు. వాళ్ల పేర్లు బయటివాళ్లకు తెలియవు. బావ పైన గంటన్నర ఉస్తాద్‌తో మాట్లాడాడు. ఇంకెవరు చెప్పి ఉంటారు? బయటికొచ్చిన మర్నాడే జగిత్యాల చాయ్ హోటల్లో ఆ మాట అన్నాను. విన్నవాళ్లు ఆశ్చర్యపోలేదు, అప్పటికే అందరూ సగం అనుకుంటున్నారు. నా నోట వచ్చేసరికి అది రుజువైపోయింది. తాడు మనిషే అన్నాక ఇంకేం కావాలి?

గ్యాంగు విడిపోయింది. ఆయన కింద తాడు పట్టడానికి ఎవరూ రాలేదు. సమ్మె అయ్యాక ఉస్తాద్ మళ్లీ మేడిపల్లికే పోయి చిన్న చిన్న పనులు ఒప్పుకున్నాడు, టవర్లకు రంగులు, విరిగిన పట్టీలు మార్చడం. తాడు కింది కొసను టవర్ కాలికే కట్టుకుని, పైకి పోయి, మళ్లీ దిగి, ముడి విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ఎక్కేవాడట. ఒక పట్టీకి మూడు నాలుగుసార్లు. అరవై దగ్గరి వయసులో. ఇది నాకు తెలుసు. ఒకసారి కోరుట్ల రోడ్డు మీద బస్సులోంచి నా కళ్లతోనే చూశాను. టవర్ మీద ఒక్కడే ఉన్నాడు, కింద ఎవరూ లేరు. నేను ముఖం తిప్పుకున్నాను. డాక్టర్లు గుండె అంటున్నారు. ఆ గుండెను అలసిపోయేలా చేసిన ఎక్కుడు దిగుడుల్లో నా వంతు ఎంతో నాకు తెలుసు.

ఒకసారి మా ఇంటికొచ్చాడు. సిరిసిల్ల దాకా బస్సెక్కి వచ్చి, గడపలో నిలబడి, "సత్తయ్య ఉన్నడా?" అని నా భార్యను అడిగాడు. నేను లోపల గదిలోనే ఉన్నాను. లేడని చెప్పమని సైగ చేశాను. ఆమె చెప్పింది. ఆయన వాకిట్లో నా చెప్పులు చూసే ఉంటాడు, అంత చూపున్నవాడు. "సరే అమ్మా, మంచిగున్నడు గదా" అన్నాడు. నీళ్లు తాగి పోయాడు. అదే ఆయన గొంతు నేను ఆఖరుసారి వినడం.

పదకొండో రోజున మేడిపల్లి పోయాను. రెండున్నరేళ్లు ఆయన ముఖం చూడని పెద్దమనుషులు వచ్చి ఫోటోకు దండలు వేశారు. ఒకాయన "ఉద్యమ సింహం" అన్నాడు. ఆ మాట విని ఉస్తాద్ "ఏం పని వడ్డది?" అని అడిగి ఉండేవాడు. నేను ఒక మూల నిలబడి, ఎవరెవరు ఎందుకొచ్చారా అని చూస్తున్నాను. అప్పుడు మా బావ రాజేశం రావడం చూశాను. ఆయన రావలసిన పని లేదు. జైలు నుంచి విడుదలయ్యాక సిరిసిల్లలో ఆయనకు సన్మానం జరిగింది. ఇప్పటికీ టవర్ రాజేశం అంటే లేచి కుర్చీ వేస్తారు. తనను పట్టించిన మనిషి దినాలకు ఆయన రావడం నాకు అనుమానంగా తోచింది.

విస్తరి ముందు కూర్చుని అన్నం ముట్టలేదు. లేచి నన్ను ఇంటి వెనక చేదబావి దగ్గరికి పిలిచాడు.

"బావా, పైకెల్లి వ్యాన్లు అవుపడ్డయ్. మిల్లు ఎన్క నిలవడ్డయ్. గంగారామన్న సూసిండు. 'సగంల ఆపుత. వకీలుకు కబురు వోయింది, అస్తున్నడు, గప్పటిదాంక నువ్వు గాల్లనే ఉండు, గాల్ల ఉన్నోన్ని ఎవలు పట్టరు' అన్నడు. గందుకే ఆపిండు."

నేను చేదతాడు పట్టుకుని నిలబడ్డాను.

"పేర్లు నేనే చెప్పిన. ఠాణల తలకిందులు కట్టి కొట్టిండ్రు. మొదాలు నీ పేరే చెప్పిన బావా. గంగారామన్న పొద్దు గూకెదాంక ఠాణల కూసున్నడు, పిలగాన్ని సూపియ్యుండి, సూడంది పోను అని. చాయ్ ఇచ్చి పొమ్మన్నరట, పోలే. ఆఖరికి సూపిచ్చిండ్రు. ఆయన తోని ఏడ్సుకుంట చెప్పిన, గిట్ల జేసిన అని. 'ఎవలకు చెప్పకు. నేను గూడ చెప్ప' అన్నడు. నిన్ను పట్టుకపోయినంక ఆయన మీద మాట వడ్డది. నేను నోరు ఇప్పలే."

"ఎందుకు ఇప్పలేదు?" అని అరిచానో, మామూలుగానే అడిగానో గుర్తులేదు. ఆయన బావి గట్టు మీద కూర్చుండిపోయాడు. మాట వెనక నుంచి వచ్చింది. లచ్చవ్వ చేతిలో చెంబుతో ఎప్పుడొచ్చి నిలబడిందో మేము చూడలేదు.

"నాకు ఎరుకే తమ్మీ" అంది. "ఊరంత మొకం మీద ఊంచుతుంటె నీ నోరేమైందయ్యా, గా సిరిసిల్ల పిలగాని పేరు చెప్పరాదా అని రోజు కొట్లాడిన. 'వాడు ఒకపారి ఎక్కినోడే. అందరు తప్పు వట్టిండ్రంటె మల్ల ఎక్కుతడు. నాకేమైతది, నేను రోజు ఎక్కెటోన్నే' అన్నడు. సత్తయ్య కన్న చెప్పుదామంటె, 'వాడు అడుగుతె చెప్త, అడగంది ఎట్ల చెప్పాలె' అన్నడు. ఒక దినం నువ్వు అడుగుతవేమో అని సిరిసిల్ల దాంక అచ్చిండు గద."

ఆమె చెంబు గట్టు మీద పెట్టి లోపలికి పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అక్కడి నుంచి సిరిసిల్ల వచ్చి ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాను. మొదటి వాక్యం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఉస్తాద్ మీది నింద తుడవాలంటే, పేర్లు చెప్పింది ఎవరో చెప్పాలి. ఉత్తగా "ఆయన కాదు" అంటే ఎవరూ నమ్మరు, నేనైనా నమ్మను. చెబితే మా బావ పరువు పోతుంది. పోతే ఆయన ఏం చేసుకుంటాడోనని ఉస్తాద్ భయపడ్డాడు, ఆ భయంతోనే రెండున్నరేళ్లు ఊరి మాటలు పడ్డాడు. ఆయన ప్రాణం పెట్టి కాపాడినదాన్ని ఆయన పేరు కోసం నేను చెడగొట్టాలా? చెడగొట్టకుండా ఉంటే, ఆయన పోలీసుల మనిషిగానే మట్టిలో ఉండిపోవాలా? మూడు రోజులు అన్నం సహించలేదు. మా చెల్లె ఇద్దరు పిల్లలు కళ్ల ముందు తిరిగారు. ఈ మూడు రోజుల్లో నా స్వార్థాన్ని కూడా అనుమానించాను. బావ తప్పు రాస్తే నా తప్పు చిన్నదవుతుందని రాయాలనుకుంటున్నానా అని. ఇప్పటికీ దానికి సరైన జవాబు నా దగ్గర లేదు.

అందుకని, ఉస్తాద్ బతికుండగా నేను చేయని పని చేశాను. పోయి అడిగాను.

రాజేశం కార్ఖానాలో ఉన్నాడు. నాలుగు సాంచెలు ఒక్కసారే నడుస్తుంటే మాట వినిపించదు. నన్ను చూసి ఒక్కొక్కటే ఆపాడు. నాలుగోది ఆగేదాకా నేను నిలబడ్డాను. "బావా, నేను ఉస్తాద్ మీద రాస్తున్న. ఉన్నది ఉన్నట్టు రాస్తె నీ పేరు అస్తది. రాయమంటవా, వద్దంటవా? వద్దంటె రాయ" అన్నాను.

ఆయన మగ్గం మీది బట్టను చేత్తో సర్దాడు. ఢిల్లీలో బిల్లు పెడతారని, రాష్ట్రం వచ్చినట్టేనని బయట ఎవరో మైకులో చెబుతున్నారు. వచ్చాక చూస్తే గానీ నేను నమ్మను. చూడడానికి మనిషి ఉండాలన్న ఉస్తాద్ మాత్రం లేడు.

"జనం ఏమంటరో ఎరుకే గదా?" అన్నాను.

"ఎరుకే."

"పద్మ?"

"నువ్వు రాస్తున్నవని ఇని, రాత్రే చెప్పిన. ఏడ్సింది. రాయమన్నది."

"నువ్వు?" అన్నాను. అడగవలసింది అదే. "నువ్వు మల్ల ఏమన్న చేసుకుంటవా అని నాకు బుగులైతున్నది బావా."

రాజేశం తలెత్తి నన్ను చూశాడు. ఆ రోజు టవర్ మీద నుంచి దిగినప్పటి ముఖం కాదది. ఏడుస్తున్నాడు, కానీ మాట స్థిరంగా ఉంది.

"రాయి బావా. నేను ఎక్క. ఎక్కుతె దింపెటోడు లేడు ఇగ."